వాకిట నిలుపవలసిన కారు

పూర్వము రైతు ఎద్దును కొనుటకు సంతకు పోవునప్పుడు ఒంటరిగా పోయెడివాడు కాడు. పశువుల గుణదోషములెఱిగిన ఊరి పెద్దనొకనిని వెంటబెట్టుకొని పోయెడివాడు. ఆ పెద్ద మొదట పండ్లు చూచును. తరువాత సుడులు చూచును. గిట్టలు తడిమి చూచును. నాలుగడుగులు నడిపించి నడక చూచును. ఇన్ని చూచిన పిదపను, ధర మాట యెత్తుటకు ముందు, కొనువానినే ఒక ప్రశ్న వేయును: "దీనిచేత నీవు చేయించు పని యేమి?" దుక్కికి తగిన ఎద్దు వేఱు, బండికి తగినది వేఱు, తిరునాళ్ళలో బండలాగుడు పందెమునకు తగినది వేఱు. పందెపుటెద్దును తెచ్చి అరకకు కట్టిన రైతును చూచి ఊరు నవ్వెడిది.

నేడు పది పదునైదు లక్షల రూపాయలు పోసి, ఏడేండ్లపాటు జీతములో నెలనెలా కోత పెట్టించుకొని కారు కొనుచున్న మధ్యతరగతి గృహస్థును ఆ ప్రశ్న అడుగువారు లేరు. అమ్మువాడు అడుగడు, అడిగినచో వాని బేరమే చెడవచ్చును. అప్పిచ్చు బ్యాంకు జీతపు చీటీ అడుగును గాని, ఈ బండితో నీకు పనియేమని అడుగదు. ఇక స్నేహితుల సలహా ఉండనే ఉన్నది. ఏ పాఠశాలలోనైనను ఉపాధ్యాయులు కూర్చుండు గదిలో మధ్యాహ్న విరామమున ఈ చర్చ వినవచ్చుచునే యుండును. కరెంటు కారు కొని రెండేండ్లయినది, పెట్రోలు బంకు ముఖము చూడలేదని ఒకరందురు. మా బావమఱిది కరెంటు కారు సూర్యాపేట వద్ద రెండు గంటలు నిలిచిపోయినదని మఱొకరందురు. ఈ రెండును కాదు, హైబ్రిడ్ ఒక్కటే గట్టిదని మూడవవారు తీర్పు చెప్పుదురు. ముగ్గురు చెప్పునదియు నిజమే. ముగ్గురి యిండ్లు వేఱు, ముగ్గురి దారులు వేఱు. ఆ సంగతిని మాత్రము ముగ్గురును మఱతురు.

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. తెలుగు గృహస్థు కారును సంక్రాంతి ప్రయాణము కొఱకు ఎన్నుకొని, బడి ప్రయాణమునకు వాడుకొనుచున్నాడు. సంవత్సరమున మూడు వందల దినములు ఆ కారు తిరుగునది ఇంటినుండి ఉద్యోగస్థానమునకు, అచ్చటినుండి కూరగాయల అంగడికి, ఆదివారమునాడు అత్తవారింటికి. మొత్తము దినమునకు ఇరువదియో ముప్పదియో కిలోమీటర్లు. కాని కొనునాడు అతని కన్నుల యెదుట మెదలునది హైదరాబాదునుండి అమలాపురమునకు, నాలుగు వందల కిలోమీటర్లకు తక్కువ కాని దారి. డిక్కీలో అరిసెల డబ్బాలు, వెనుక సీటులో తల్లిదండ్రులు. ఏడాదికి రెండు మాఱులు వచ్చు ఆ ప్రయాణమునకు భయపడి, తక్కిన దినములన్నింటికిని పందెపుటెద్దును అరకకు కట్టుచున్నాడు.

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టిన వింత యనుకొనువారు గలరు. అది పెట్రోలు కారుకు తోబుట్టువు. 1900 ప్రాంతమున అమెరికా నగరములలో ఆవిరి బండి, విద్యుత్ బండి, పెట్రోలు బండి మూడును సమానముగా పోటీ పడుచుండెను. అందు పెట్రోలు బండిని కదలించుటకు ముందు ఇనుప కమ్మిని దూర్చి బలముకొలది త్రిప్పవలసివచ్చెడిది. అది ఎదురు తిరిగినచో చేయి విఱిగెడిది. విద్యుత్ బండికి ఆ బాధ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. పెట్రోలు కారును ఇంటింటికి చేర్చిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా ఫోర్డు తాను నడుపుకొనుటకు డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్ కారునే ఎన్నుకొన్నది. తరువాత 1912లో కాడిలాక్ కారునకు చార్లెస్ కెట్టరింగ్ ఒక చిన్న విద్యుత్ మోటారును అమర్చి, మీట నొక్కగానే పెట్రోలు యంత్రము కదలునట్లు చేసెను. విద్యుత్ మోటారే వచ్చి విద్యుత్ కారు ప్రాణము తీసినది! రెంటిని కలిపిన బండి కూడ క్రొత్తది కాదు. ఫెర్డినాండు పోర్షే 1900లోనే పెట్రోలు యంత్రముతో విద్యుత్తు పుట్టించి చక్రములను నడిపిన బండిని నిర్మించెను. అది మఱుగునపడి, 1997 డిసెంబరులో జపానునందు టయోటా ప్రియస్ రూపమున మరల వెలుగు చూచినది. భారతదేశమున 2001లో బెంగుళూరునుండి రేవా అను చిన్న విద్యుత్ కారు వచ్చినది. ఒక్క చార్జింగుకు 80 కిలోమీటర్లు నడిచెడిది. నగరములో పని చేసికొను గృహస్థునకు ఆ 80 చాలును. చాలునని నమ్మించుట మాత్రము ఎవ్వరి తరము కాలేదు. సంక్రాంతి భయము నాడును ఉన్నది.

హైబ్రిడ్ అను మాటను తెలుగు రైతు మొదట జొన్న విత్తనములలోను ప్రత్తి విత్తనములలోను విన్నాడు. పండితులు దానిని సంకరమన్నారు. సంకరమనగానే సంప్రదాయవాదులకు ముఖము ముడుచుకొనును గాని, బాలవ్యాకరణము చదివిన విద్యార్థి జంకనక్కరలేదు. సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని సమాసములు మూడు విధములని చిన్నయసూరి చెప్పనే చెప్పెను. పెట్రోలు కారు ఒకటి, విద్యుత్ కారు ఒకటి, మిశ్రమము మూడవది. మిశ్రసమాసము దోషము కాదు. కలుపరానివానిని కలిపినప్పుడే దోషము. కార్లయందును అంతే. అంగడిలో హైబ్రిడ్ అని పేరు తగిలించుకొన్న బండ్లన్నియు ఒక జాతివి కావు. మైల్డ్ హైబ్రిడ్ అనబడు దానిలోని చిన్న మోటారు యంత్రమునకు కొంచెము చేయూత నిచ్చును గాని, తానొక్కటే చక్రములను నడుపజాలదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అనబడు దానిలో మాత్రము నెమ్మదిగా పోవునప్పుడు పెట్రోలు యంత్రము నిద్రపోవును, మోటారు బండిని నడుపును. కొనువాడు అడుగవలసిన మాట ఒక్కటే: "పెట్రోలు యంత్రము ఆగియుండగా ఈ బండి కదలునా?" కదలదన్నచో ఆ పేరునకు అధికముగా రూపాయి ఇయ్యనక్కరలేదు.

ఈ మిశ్రమునకు బలమెచ్చటినుండి వచ్చును? దానిని తిరుమల కనుమదారి చెప్పగలదు. కొండ దిగు బండిని డ్రైవరు బ్రేకు పట్టి నిలుపుచుండును. పైకెక్కుటకు కాలిన ఇంధనపు శక్తిలో కొంత ఆ బ్రేకులలో వేడియై గాలిలో కలిసిపోవును. విద్యుత్ మోటారునకొక గుణమున్నది: త్రిప్పినచో తిరుగును, తన్ను త్రిప్పినచో విద్యుత్తునిచ్చును. దిగుడులో చక్రములే మోటారును త్రిప్పును. పుట్టిన విద్యుత్తు బ్యాటరీలో చేరును. తిరుపతి తిరుమలల నడుమ 2022నుండి తిరుగుచున్న ఆర్టీసీ విద్యుత్ బస్సులు ఈ విధముగనే కొండ దిగుచు కొంత తిరిగి సంపాదించుకొనుచున్నవి. నగరములో ప్రతి కూడలియు ఒక చిన్న కనుమదారియే. ఎఱ్ఱదీపము వద్ద ఆగిన ప్రతిమాఱు పెట్రోలు కారు పారవేయుదానిని ఈ రెండు జాతులును కొంతవఱకు ఏఱుకొనును. అందుచేతనే హైబ్రిడ్ లాభము అమీర్‌పేటలో కనబడునంతగా ఖాళీగా నున్న జాతీయ రహదారిపై కనబడదు.

ఇక లెక్కకు రావలయును. ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి సయితము నల్లబల్లమీద వేయగలడు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమును తీసికొనవచ్చును. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, హైబ్రిడ్ 22, విద్యుత్ కారు చార్జింగులో పోవు నష్టము కూడ చేర్చి యూనిటుకు 6 కిలోమీటర్లు నడచుననుకొనవచ్చును. కంపెనీలవారు ప్రకటనలలో ఇంతకంటె చాల ఎక్కువ చెప్పుదురు. ప్రకటనలోని దారిపై గుంతలు గాని, గేదెలు గాని, స్పీడు బ్రేకరులు గాని ఉండవు. హైదరాబాదులో 2025లో లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటియుండెను. లెక్కకు 108 వేసినచో పెట్రోలు కారునకు ఏటికి 72,000, హైబ్రిడ్‌నకు 49,000 రూపాయలగును. ఇంటి విద్యుత్తును హెచ్చు శ్లాబులోని ధరగా యూనిటు 9 రూపాయలు వేసినను విద్యుత్ కారునకు 15,000 రూపాయలు మించదు. చూచుటకు ఇది ఏకపక్షమైన తీర్పువలె నున్నది.

కాని అసలు ధరలోని వ్యత్యాసమును ప్రక్కన వ్రాసినచో లెక్క మాఱును. విద్యుత్ కారు అదే పరిమాణముగల పెట్రోలు కారుకంటె 3 లక్షలు హెచ్చనుకొన్నచో, ఏటికి 57,000 వంతున ఆ సొమ్ము తిరిగివచ్చుటకు అయిదేండ్లు దాటును. హైబ్రిడ్‌నకు 2 లక్షలు హెచ్చనుకొన్నచో, ఏటికి 23,000 వంతున ఎనిమిదేండ్లు దాటును. ఇవి ఏటికి 10,000 కిలోమీటర్లు తిరుగువాని లెక్కలు. పాఠశాల ప్రక్కవీధిలోనే యుండి, ఏటికి 4,000 కిలోమీటర్లు మాత్రమే తిరుగు ఉపాధ్యాయునికి విద్యుత్ కారు మిగుల్చునది ఏటికి 23,000 రూపాయలు. మూడు లక్షలు తిరిగివచ్చునప్పటికి పదమూడేండ్లగును. ఈలోగా బ్యాంకు వడ్డీ ఊరకుండదు. తక్కువ తిరుగువానికే విద్యుత్ కారు తగినదని లోకమందు ఒక నమ్మిక యున్నది. తక్కువ తిరుగువానికి అది సౌకర్యముగా నుండును. లాభముగా నుండునది ప్రతిదినము ఎక్కువ తిరిగి, రాత్రికి ఇల్లు చేరువానికి. ఈ రెంటిని కలగలిపి చెప్పువారిని నమ్మి అప్పు చేయరాదు. ఏటికి 4,000 కిలోమీటర్లవానికి నిజమైన సలహా ఏమనగా, ఉన్న పాత కారునే మఱి నాలుగేండ్లు నడుపుకొని, దినసరి పనికి విద్యుత్ స్కూటరొకటి కొనుక్కొనుట. ఈ మాట ఏ కారు దుకాణములోను వినబడదు.

లెక్కకంటె ముందు చూడవలసినది మఱియొకటి గలదు. రాత్రివేళ కారు ఎక్కడ పండుకొనును? సొంత యిల్లు, ఇంటికొక వాకిలి, వాకిట ఒక పందిరి, గోడకొక 15 ఆంపియర్ల ప్లగ్గు ఉన్నవానికి విద్యుత్ కారు వరము. రాత్రి తొమ్మిదింటికి తగిలించినచో తెల్లవారునప్పటికి ముప్పది యూనిట్ల బ్యాటరీ నిండును. దానితో నాలుగైదు దినములు బడికి పోయి రావచ్చును. సెల్‌ఫోను అలవాటువంటి అలవాటు, అంతే. ఆ గోడ లేనివాని సంగతి వేఱు. హైదరాబాదులో అయిదంతస్తుల అపార్టుమెంటులో కారు నిలుపు స్థలము నేలక్రింద నుండును. మీటరు పై యంతస్తున నుండును. నడుమ సంఘపు కార్యదర్శి యుండును. ఇండ్ల వద్ద సొంత చార్జింగు చేసికొనుటకు కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లోనే అనుమతిని స్పష్టపఱచినది. ఢిల్లీలోని అనుమతి నేలమాళిగలోని తీగవఱకు దిగివచ్చుటకు ఎన్ని సమావేశములు కావలయునో ఆ భవనములలో కాపురమున్నవారికే తెలియును.

ఉపాధ్యాయుని స్థితి ఇంకను కఠినము. అతనికి బదిలీ యున్నది. నేడు మండల కేంద్రములో అద్దె యిల్లు, మూడేండ్లకు మఱొక ఊరు, మఱొక అద్దె యిల్లు. ఇంటి యజమానిని ప్లగ్గు బిగింపనిమ్మని అడుగుటయే ఒక పరీక్ష. "ఇంటికంతకు ఒకే మీటరండీ మాస్టారూ, బిల్లు ఎంతవచ్చునో ఏమో" అని ఆయన నసుగును. ఆయన భయమును అసత్యము కాదు, శ్లాబు మాఱినచో ఇరువురికిని భారమే. బయటి చార్జింగు కేంద్రములను నమ్ముకొన్నచో యూనిటు ధర ఇంటి ధరకు రెట్టింపును మించిపోవుట కలదు; అప్పుడు పై లెక్కలోని 15,000 రూపాయలు ముప్పదివేలు దాటును, సమయము పోవుట అదనము. ఇట్టి గృహస్థు హైబ్రిడ్‌వైపు మొగ్గినచో, లేక చిన్న పెట్రోలు కారుతో సరిపెట్టుకొన్నచో, అతనిని కాలమెఱుగనివాడని హేళన చేయుట న్యాయము కాదు. అతనికి లేనిది వివేకము కాదు, గోడ.

ఇప్పుడు పొగ మాట. ఉదయము తొమ్మిదింటికి ఏ పట్టణమునందైనను పాఠశాల ద్వారము వద్ద నిలిచి చూడవచ్చును. పిల్లలను దింపవచ్చిన కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు యంత్రము లాపకయే నిలిచియుండును. వాని గొట్టములు సరిగా అయిదవ తరగతి పిల్లవాని ముఖమున కెదురుగా నుండును. విద్యుత్ కారు ఆ ద్వారమునుండి ఆ పొగను తొలగించును. అందు సందేహము లేదు. అయితే ఆ పొగ పోయినదా, చిరునామా మార్చుకొన్నదా? దేశమున పుట్టు విద్యుత్తులో నాలుగింట మూడు పాళ్ళకు దగ్గఱగా నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. జూబిలీహిల్సులో నిశ్శబ్దముగా సాగిపోవు కారునకు వలసిన మంట రామగుండములో మండుచున్నది, పాల్వంచలో మండుచున్నది, ఇబ్రహీంపట్నములో మండుచున్నది. అక్కడను బడులున్నవి. అక్కడి బూడిద అక్కడి పిల్లల ఊపిరిలోనికే పోవును. తన కారు పొగ విడువదని చెప్పుకొనుటకు ముందు నగరవాసి ఒక్కమాఱు సింగరేణివైపు తలత్రిప్పి చూడవలయును.

బొగ్గుపులుసు గాలి లెక్క కూడ ఇట్లే యుండును. లీటరు పెట్రోలు కాలినచో సుమారు 2.3 కిలోగ్రాములు వెలువడును. దేశపు గ్రిడ్డులో యూనిటునకు సగటున సుమారు 700 గ్రాములు. పై మైలేజీలతో భాగించినచో కిలోమీటరుకు పెట్రోలు కారు 150 గ్రాములకు పైగా, విద్యుత్ కారు 120 గ్రాములకు లోపుగా, హైబ్రిడ్ 105 గ్రాములు విడుచుచున్నవి. అనగా నేటి గ్రిడ్డుపై విద్యుత్ కారును హైబ్రిడ్డును ఇంచుమించు ఒక త్రాసులో తూగుచున్నవి. బ్యాటరీ తయారీకి పట్టు శక్తిని, కాంగో దేశపు కోబాల్టు గనులలోని కష్టమును చేర్చినచో విద్యుత్ కారు పళ్ళెము మఱికొంత బరువగును. ఇంతవఱకు చెప్పి నిలిపివేయువారు హైబ్రిడ్ పక్షపాతులు. వారు చెప్పక విడుచునది కలదు. కొన్ననాడు పెట్రోలు కారు ఎంత పొగ విడుచునో పదేండ్ల తరువాతను అంతయే, లేదా అంతకు మించి విడుచును. విద్యుత్ కారు అట్లు కాదు. దేశమున నెలకొల్పిన విద్యుదుత్పత్తి సామర్థ్యములో సగము 2025 నాటికి బొగ్గు, గ్యాసు, చమురులతో పనిలేనిదే అయినది. కర్నూలు జిల్లాలో వేయి మెగావాట్ల సౌర పార్కు 2017నుండి పనిచేయుచున్నది. గ్రిడ్డు శుద్ధి యగుకొలది, వాకిటనున్న పాత విద్యుత్ కారు కూడ శుద్ధి యగుచు పోవును. ముసలియగుకొలది మంచిదగు యంత్రము లోకమున మఱొకటి కనబడుట అరుదు.

ఇంటి కప్పు సొంతమైనవాడు గ్రిడ్డు కొఱకు వేచియుండనక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల సౌర ఫలకములకు 78,000 రూపాయల రాయితీ ఏర్పడినది. ఆ ఫలకములు ఎండకాలపు దినమున పండ్రెండు యూనిట్లు సులభముగా ఇచ్చును. ఏటికి 10,000 కిలోమీటర్లకు కావలసినది దినమునకు అయిదు యూనిట్లకు లోపే. రెంటచింతల ఎండను, రామగుండము ఎండను తిట్టుకొనుచు గడిపిన తరములకు ఆ ఎండయే బండి లాగుట వింతగా తోచును. అయితే అదే యెండ బ్యాటరీకి పగ. లిథియం బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదగును. నడివేసవిలో కారును మిట్టమధ్యాహ్నపు టెండలో నిలుపుట, ప్రతిదినము నూటికి నూఱు పాళ్ళు నింపుట, మాటిమాటికి రహదారి యంత్రములతో త్వరత్వరగా నింపుట మంచివి కావు. చాల కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు హామీ ఇచ్చుచున్నవి. ఆ హామీపత్రమును అక్షరము విడువక చదివించుకొనుట కొనువాని పని. ఎంత శాతము బలము తగ్గినచో మార్చుదురో అందు వ్రాసియుండును.

అగ్నిభయము గుఱించి కూడ ఒక మాట. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణములో చెలరేగిన మంటల పొగ పైనున్న లాడ్జిలోనికి వ్యాపించి 8 మంది ప్రాణములు పోయినవి. ఆ యేడాదియే బ్యాటరీల భద్రతా పరీక్షలను ప్రభుత్వము కఠినము చేసినది. పెట్రోలు కారు కాలదని కాదు. కాని విద్యుత్ బండికి ఇంటిలోపల, మెట్లక్రింద, పొడిగింపు తీగతో చార్జింగు పెట్టుట ఎన్నడును తగదు. ఎర్తు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించుటకగు ఖర్చు అల్పము.

ప్రభుత్వముల తూనికరాళ్ళును చూడదగినవే. విద్యుత్ కారుపై జీఎస్టీ 2019 ఆగస్టునుండి 5 శాతము. 2025 సెప్టెంబరు 22నుండి చిన్న పెట్రోలు కార్లకు 18, పెద్దవానికి 40 శాతము. అంగడిలో దొరకు స్ట్రాంగ్ హైబ్రిడ్లలో దాదాపు అన్నియు పెద్దవానిలోనే పడుచున్నవి. పైన చూచిన పొగ లెక్క ప్రకారము ఇంచుమించు సమానముగా తూగు రెండు బండ్లపై 5, 40 శాతముల పన్ను వేయుట సరియైన తూనిక యని చెప్పుట కష్టము. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్ వాహనములకు 2026 డిసెంబరు 31 వఱకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును తొలగించినది. కొనువానికిది లక్షలలో కలిసివచ్చును. కాని ఈ కానుక ఎవరికి పోవుచున్నది? వాకిలి, గోడ, పదిలక్షలు ఉన్నవానికి. బస్సు కొఱకు గంటసేపు నిలిచియుండు విద్యార్థినికి పోవుట లేదు. హైదరాబాదులో ఆర్టీసీ విద్యుత్ బస్సులు 2019నుండి తిరుగుచున్నవి. అవి నిండుగా పోయినప్పుడు ఒక్కొక్కటి నలుబదిమందిని మోయును. కారునకిచ్చు రాయితీలో కొంత ఆ వైపు మరలినచో పాఠశాల ద్వారమునందలి పొగ ఇంకను త్వరగా తగ్గును.

తిరిగి సంక్రాంతికి రావలయును, ఏలనగా గృహస్థు మనసు అక్కడనే చిక్కుకొనియున్నది. పండుగకు రెండు దినముల ముందు విజయవాడ రహదారిలో పంతంగి టోలుగేటు వద్ద కార్ల బారులు ఎంతదూరము నిలుచునో పత్రికలు ఏటేట చిత్రములు వేయుచునే యున్నవి. ఆ బారులో పెట్రోలు కారును విద్యుత్ కారును ఒకే వేగమున కదలవు, అనగా ఏదియు కదలదు. హైదరాబాదునుండి విజయవాడకు 275 కిలోమీటర్లు. 2020లో వచ్చిన ఒక ప్రసిద్ధమైన విద్యుత్ కారు 30 యూనిట్ల బ్యాటరీతో 312 కిలోమీటర్లు నడచునని ధ్రువపత్రము పొందినది. దారిపై సుమారు రెండు వందలు నడచును. నడుమ ఒక్కమాఱు ఆగక తప్పదు. సూర్యాపేట, కోదాడ పరిసరములలో హోటళ్ళ వద్ద చార్జింగు యంత్రములు వెలసినవి. మామూలు దినములలో ఇడ్లీ తిని కాఫీ త్రాగునంతలో పని కొంత జరుగును. పండుగ దినములలో ఒక్కొక్క యంత్రము ముందు నలుగురైదుగురు వేచియుందురు. అప్పుడు బావమఱిది కథ నిజమగును. ఏడాదికి ఆ రెండు ప్రయాణములను రైలులోనో ఆర్టీసీలోనో చేసి, లేదా అద్దె కారు మాట్లాడుకొన్నచో, ఒక కుటుంబమునకగు ఖర్చు విద్యుత్ కారు ఒక యేట మిగుల్చుదానిలో ఒక చిన్న భాగము. ఈ లెక్క ఎవరికైనను అర్థమగును. అడ్డువచ్చునది లెక్క కాదు. సొంత కారులో ఊరిలోనికి దిగవలెనను ముచ్చట. ముచ్చట తప్పు కాదు. దానికి ధర ఎంతయో తెలిసికొని చెల్లించినచో మంచిది. తఱచుగా దూరము పోక తప్పనివారు, రెండూళ్ళ సంసారముగలవారు, ముసలి తల్లిదండ్రులకై నెలకు రెండు మాఱులు మూడు వందల కిలోమీటర్లు పోవువారు హైబ్రిడ్ కొనుటలో వివేకమున్నది. అది వారి దుక్కి పనియే గాని పందెము కాదు.

కొనదలచినవారు దుకాణమునకు పోకముందు ఒక చిన్న పుస్తకము తెఱచి, ముప్పది దినములపాటు ఇంటి బండి మీటరులోని అంకెను ప్రతి రాత్రి వ్రాసిపెట్టవలయును. ఆ పని ఇంటిలోని తొమ్మిదవ తరగతి పిల్లవానికి అప్పగించినచో సగటు కట్టుట, గరిష్ఠము కనుగొనుట అతనికిని అభ్యాసమగును. ఆ ముప్పది అంకెలలో ఎన్ని నూఱు దాటినవి? ఒకటి రెండు దినములు మాత్రమే దాటి, సగటు ముప్పదికి పైగా నుండి, ఇంటికి గోడయున్నచో కరెంటు కారునకు భయపడనక్కరలేదు. గోడ లేక, సగటు హెచ్చుగా నున్నచో హైబ్రిడ్. సగటు పది పదునైదు కిలోమీటర్లే యున్నచో కారు మార్చు మాటనే కొన్నాళ్ళు వాయిదా వేయవచ్చును.

గోడ లేని ఉపాధ్యాయునికి ఒక దారి మిగిలియున్నది, దానిని గుఱించి విద్యాశాఖవారు ఆలోచించినట్లు లేదు. అతని బండి ఉదయము తొమ్మిదింటినుండి సాయంకాలము నాలుగు దాటువఱకు పాఠశాల ఆవరణలోనే, తఱచు చెట్టునీడ కూడ లేక, నిలిచియుండును. సౌరవిద్యుత్తు దండిగా పుట్టు సమయము సరిగా అదే. పాఠశాల కప్పు విశాలము. దానిపై ఎండ తప్ప ఏమియు లేదు. ఆ కప్పుమీద ఫలకములు, ప్రహరీగోడ ప్రక్క ఒక రేకుల పందిరి, పందిరి స్తంభమునకు నాలుగు ప్లగ్గులు, ప్రతిదానికి ఒక చిన్న మీటరు, వాడుకొన్న యూనిట్లకు ఉపాధ్యాయుడు చెల్లించు సొమ్ము పాఠశాల ఖాతాలోనికి. వేసవి సెలవులలో పుట్టినది గ్రిడ్డునకు పోవును. ప్రతి మండలములో ముందు ఒక్క ఉన్నత పాఠశాలలోనైనను దీనిని పెట్టి చూడవచ్చును. మీటరులోని అంకెలు వ్రాసికొనుటకు అక్కడ పిల్లలెట్లును ఉన్నారు.